సెటప్ ఫైలుకి వేసిన ముడి

మా అన్న సముద్రంలో ఎక్కడ వల వేస్తాడో మా వదినకి కూడా తెలియదు. పడవలో తోడు వెళ్ళేవాళ్ళకి తెలుస్తుంది గానీ, వాళ్ళు ఒడ్డుకొచ్చాక నోరు విప్పరు. మా తీరంలో ఇది మామూలే. ఇంట్లో జరిగిన గొడవలన్నీ వీధి అరుగు మీద కూర్చుని చెప్పుకునే మనుషులు, చేప దొరికిన చోటు అడిగితే మాత్రం ఉత్తరాన్ని దక్షిణం అంటారు. అడిగినవాడికి కూడా అది అబద్ధమని తెలుసు. తెలిసే తల ఊపి వెళ్ళిపోతాడు.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం మధ్యాహ్నం అమ్మని వెంటబెట్టుకుని రాజాంలో మా షాపుకొచ్చాడు. మాది జిరాక్సులు, ప్రింట్లు, పాడైన ల్యాప్‌టాప్‌లు చూసే చిన్న కంప్యూటర్ షాపు. మా ఆయన బయటి పనులు చూస్తాడు, కంప్యూటర్ల సంగతి నేను చూస్తాను. అన్న నాలుగు పాలిథిన్ కవర్లలో చుట్టిన జీపీఎస్‌ని నా టేబుల్ మీద పెట్టాడు. పెట్టి, మంచినీళ్ళైనా తాగకుండా, షట్టరు సగం దించమన్నాడు.

దించాను. లోపల ఉక్కపోత, ఫ్యాను తిరుగుతున్నా చెమట. అమ్మ కుర్చీలో కూర్చోకుండా, అలవాటుగా గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

ఆ జీపీఎస్ అయ్యది. అయ్య అంటే మా నాన్న. అరచేతిలో పట్టే వస్తువు. ఉప్పుగాలికి బటన్ల రబ్బరు ఊడిపోయింది, తెర ఒక పక్క నల్లబడిపోయింది. అయ్య పోయాక అన్న దాన్నే పట్టుకుని వేటకి వెళ్తున్నాడు. అయ్య బతికినంత కాలం పోగేసిన చోట్లన్నీ అందులోనే ఉన్నాయి. చేప ఎక్కడ నిలుస్తుందో, నీళ్ళ కింద రాళ్ళు ఎక్కడ ఉన్నాయో, అన్నీ గుర్తులుగా పెట్టుకున్నాడు. చూసి కాగితం మీద రాసుకుందామంటే అంకెలు కనబడే వైపే నల్లబడింది. ఏటా ఎండాకాలంలో పెట్టే వేట నిషేధం ఇంకొద్ది రోజుల్లో ముగుస్తుంది. పడవ నీళ్ళలోకి దిగేలోగా ఆ గుర్తులు కంప్యూటర్‌లోకి తీసి, కొత్త జీపీఎస్‌లోకి ఎక్కించాలి. ఈలోగా ఇది ఆరిపోతే అయ్య సముద్రం మొత్తం పోయినట్టే. ఆ మాట అన్న అనలేదు. కానీ పాపం, కవర్లు ఒక్కొక్కటే పసిబిడ్డ బట్టలు విప్పినట్టు విప్పాడు.

నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడం మా అన్న విషయంలో నాకు అలవాటే.

ఆ కోపం పాతది. జీపీఎస్‌లు రాకముందు అయ్య ఒడ్డున ఉన్న కొండల్ని చూసి చోటు పట్టేవాడు. ముందు కొండ కొమ్ము పక్కన వెనక కొండ ఎంత కనబడుతుందో, తాటితోపు ఎక్కడికి జరుగుతుందో చూసుకుని, ఇక్కడే అని లంగరు వేసేవాడట. ఈ 'అట' అన్నీ అన్న నోట విన్నవే. నన్ను ఎవరూ తీసుకెళ్ళలేదు. చిన్నప్పుడు ఒకసారి ఆ చోట్లు నాకూ చెప్పమని అడిగితే, ఆడగుంటకి సముద్రంతో ఏటి పని అన్నాడు అయ్య. ప్రేమగానే అన్నాడు, బుగ్గ కూడా గిల్లాడు. అయినా నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది.

నాకు దక్కింది అమ్మ ముడి. అమ్మది ఎండుచేపల వ్యాపారం. నెత్తళ్ళు ఎండబెట్టి, గంపలకి ఎత్తి, పైన గోనె కప్పి, తాడుతో బిగించి సాలూరు వెళ్ళే లారీ మీద వేయించేది. గంపతోపాటు మనిషి వెళ్ళక్కర్లేదు. అక్కడ సావుకారు ముడి చూసి దించుకునేవాడు. మా ఊళ్ళో ఎండుచేపలమ్మే ఒక్కో ఇంటికి ఒక్కో ముడి. దారిలో ఎవరైనా విప్పి గుప్పెడు తీసుకుని మళ్ళీ కట్టినా, మెలిక తేడా వచ్చేస్తుంది. అమ్మ తాడు కొసని ఎడమచేత్తో లోపలికి తిప్పి ఏదో చేస్తుంది. అది చూసి నేర్చుకోలేరు, చెయ్యి పట్టుకుని నేర్పాలి. నాకు నేర్పింది. అన్నకి నేర్పలేదు. ఆడవాళ్ళ పని అని అన్న అడగనూ లేదు.

సరే, షాపులోకి వద్దాం. ఆ గుర్తులు తీయడానికి ఒక ప్రోగ్రామ్ కావాలి. అన్న చొక్కా జేబులోంచి ఒక పెన్ డ్రైవ్ తీశాడు. సెటప్ ఫైలు అందులో ఉందట. రేవులో ఎవరో ఎక్కడినుంచో డౌన్‌లోడ్ చేశారట, అది చేతులు మారుతూ తీరమంతా తిరుగుతోందట. వెంటనే వేసేయమన్నాడు.

నేను ఏ సెటప్ ఫైలునీ వెంటనే తెరవను. కాలేజీ పిల్లలు తెచ్చే ల్యాప్‌టాప్‌లు చూసి చూసి వచ్చిన అలవాటు అది. ఉచితంగా దొరికిందని ఏదో వేసుకుంటారు. మర్నాటికి తెర నిండా ప్రకటనలు, ఏ పేజీ తెరిచినా ఇంకెక్కడికో పోవడం. అందుకని ముందు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, డిజిటల్ సిగ్నేచర్స్ అన్న చోట చూస్తాను. ఫైలు తయారుచేసినవాళ్ళు పెట్టిన సంతకం అక్కడుంటుంది. అసలు ఆ చోటే కనబడకపోతే సంతకం లేనట్టు. సంతకం లేనివన్నీ చెడ్డవని కాదు గానీ, నేను మాత్రం వాటి జోలికి పోను.

దీనికి సంతకం ఉంది. వివరాలు నొక్కితే, సంతకం సరిగానే ఉందని కంప్యూటర్ చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. అన్న తొందర, జీపీఎస్ తెర మిణుకుమిణుకు, నా చెయ్యి మౌస్ మీదకి వెళ్ళిపోయింది. నొక్కబోతూ, సంతకం పక్కన ఉన్న పేరు చదివాను.

అది జీపీఎస్ కంపెనీ పేరు కాదు. ఎప్పుడూ వినని పేరు, చేపలకీ సముద్రానికీ దిక్సూచికీ ఏ సంబంధమూ లేని పేరు. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అప్పుడు నాకు సాలూరు గుర్తొచ్చింది. బడి సెలవుల్లో అమ్మ నన్ను అప్పుడప్పుడు తీసుకెళ్ళేది. ఒకసారి సావుకారు పెరట్లో లారీలోంచి మా గంపలు దించుతున్నారు. ఒక గంపని ఆయన పక్కన పెట్టించాడు. దాని ముడి ఎంత ముచ్చటగా ఉందో! బిగువుగా, ఎక్కడా చెదరకుండా. బాగానే ఉంది కదా అన్నాను నేను. ఆయన నవ్వి, బాగానే ఉంది, కానీ మీ అమ్మది కాదమ్మా అన్నాడు. విప్పితే లోపల పురుగు పట్టిన సరుకు. దారిలో ఎక్కడో గంపే మారిపోయింది. మార్చినవాళ్ళు వాళ్ళ ముడి వాళ్ళు చక్కగానే వేసుకున్నారు.

ఈ ఫైలు ఆ గంపే. సంతకం సరిగా ఉందంటే, పెట్టినవాడు పెట్టాక ఎవరూ ఫైలుని కదపలేదని మాత్రమే అర్థం. పెట్టినవాడు మంచివాడని కాదు. మనకి కావలసిన ప్రోగ్రామ్‌ని తీసుకుని, దానికి నాలుగు ప్రకటనల ప్రోగ్రాములు జతచేసి, మొత్తం మూట కట్టి, తమ పేరుతో పద్ధతిగా సంతకం పెట్టే వాళ్ళుంటారు. వాళ్ళ మూటల్లో కొన్ని మనం ఏం చూస్తున్నామో, ఏం దాచుకున్నామో కూడా ఎవరికో చేరవేస్తాయి.

ఇదంతా అన్నకి చెప్పాను. అన్న ఒప్పుకోలేదు. మొహం ముడుచుకుని, "రేవులో అందరూ ఇదే ఏసుకున్నారే. ఎవులికీ ఏటీ అవనేదు" అన్నాడు.

"పెళ్ళానికి కూడా సెప్పని సోట్లు, మొకం తెలీనోడి సంచీలో పోస్తావేటి?" అన్నాను.

ఆ మాట అన్నకి తగిలింది. పెన్ డ్రైవ్‌ని తనే లాగేసి, కరుస్తుందేమో అన్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని దూరంగా పెట్టాడు. మూలనుంచి అమ్మ ఏటయిందే అని అడిగింది. సాలూరు గంప సంగతి గుర్తుచేశాను. అమ్మ తల ఊపింది.

ఇక అసలు ఫైలు వెతకాలి. జీపీఎస్ వెనక చెక్కి ఉన్న కంపెనీ పేరుతో వెతికితే, ఆ కంపెనీయే లేదు. దాన్ని ఇంకొకరు కొనేశారు. కొన్నవాళ్ళ సైటులో వెతుక్కుంటూ పోగా, పాత పరికరాల కోసం ఉంచిన పేజీ ఒకటి చివర్లో దొరికింది. అక్కడినుంచి ఫైలు దించాను. కరెంటు పోతుందేమోనని ఒక భయం, జీపీఎస్ పోతుందేమోనని ఇంకో భయం. దిగింది. రైట్ క్లిక్ చేశాను. సంతకం ఉంది. పేరు చూశాను. జీపీఎస్ వెనక ఏ పేరు చెక్కి ఉందో అదే పేరు, అక్షరం తేడా లేదు.

కానీ ఆ సంతకం ఎవరిదో ధ్రువీకరించే సర్టిఫికెట్ తెరిచి చూస్తే, దాని గడువు ఎప్పుడో ముగిసిపోయింది. గడువు దాటిన సంతకాన్ని ఎలా నమ్మడం? అన్నకి చెప్పలేదు, చెబితే ఆ మనిషి అక్కడే కూలబడతాడు. మళ్ళీ మొదటి పేజీకి వచ్చి నింపాదిగా చదివాను. సంతకం కింద ఇంకో సంతకం ఉంది. అది వేళకి సాక్షి. ఫలానా రోజున, ఫలానా గంటకి ఈ సంతకం పడింది, అప్పటికి గడువు ఉంది అని వేరొకరు వేసిన ముద్ర. అందుకే కంప్యూటర్ సంతకం సరిగానే ఉందంటోంది.

ఈ పని ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నాను. రోజూ తెర మీద చూసే పెట్టె, రోజూ చదివే మాటలే. ఆ మధ్యాహ్నం మాత్రం ఒళ్ళు జలదరించింది. ఏ దేశంలోనో, ఎవరో ఒక మనిషి, ఆ రోజు పని ముగించి సంతకం పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ కంపెనీ పోయింది. బోర్డు కూడా తీసేసి ఉంటారు. ఆ మనిషి ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో. ఎన్ని తీగల గుండానో, ఎంతమంది చేతుల మీదుగానో దాటి ఆ ఫైలు రాజాంలో సగం దించిన షట్టరు వెనక నా ముందుకొచ్చింది. ఆయన పెట్టినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఇంత నిజం ఈ లోకంలో ఉందా అనిపించింది. మామూలుగా నాకు ఇలాంటివి అనిపించవు. నేను విసుక్కునే మనిషిని.

అమ్మకి చెప్పాలనిపించి చెప్పాను. పెట్టిన కంపెనీ ఇప్పుడు లేదు, అయినా సంతకం చెల్లుతుంది అన్నాను. అమ్మ జీపీఎస్ వైపు చూసింది.

"కట్టినోలు పోయినా ముడి ఉంటాదన్నమాట" అంది.

అన్నకి ఇంకా అనుమానమే. నమ్మించడానికి ఒక పని చేశాను. ఆ ఫైలుకి ఒక నకలు తీసి, లోపలి అక్షరాలు చూపించే చిన్న ప్రోగ్రామ్‌లో తెరిచాను. పేజీలు పేజీలు అర్థం కాని అక్షరాలు, అంకెలు. ఎంత దూరం లాగినా తరగవు. మధ్యలో ఎక్కడో ఒకచోట వేలు పెట్టి చూపించమన్నాను. అన్న చూపించాడు. అక్కడున్న ఒక్క అక్షరం మార్చి దాచాను. మళ్ళీ రైట్ క్లిక్ చేసి చూస్తే, సంతకం చెల్లదని వచ్చింది.

అన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఒక్క అచ్చరానికేనా?"

ఒక్కదానికే అన్నాను. ఫైలు మొత్తం కలిపి లెక్క కడితే ఒక చిన్న గుర్తు వస్తుందని, దాన్ని తయారుచేసినవాళ్ళు తమ దగ్గర మాత్రమే ఉన్న రహస్యపు తాళంతో బిగిస్తారని, సరిచూడటం లోకంలో ఎవరైనా చేయగలరు గానీ ఆ తాళం లేనివాళ్ళు దాన్ని మళ్ళీ బిగించలేరని నాకు చేతనైనట్టు చెప్పాను. అన్న ఇంకోచోట మార్పించాడు. చెల్లలేదు. ఇంకా కింద ఉన్న ఒక సున్నాని ఒకటి చేయమన్నాడు. అదీ చెల్లలేదు. సముద్రం మీద తుఫాను గాలి చూసి కూడా చలించని మనిషి, నోరు తెరుచుకుని ఆ చిన్న పెట్టెని చూస్తూ ఉండిపోయాడు. ఇసుకలో ఒక్క రేణువు జరిగినా తెలిసిపోయినట్టుందే అన్నాడు. ఆ నకలు చెరిపేసి, అసలు ఫైలు వేయమన్నాడు.

వేశాను. ఇంక జరిగేదంతా మా కంప్యూటర్‌లోనే కదా అని నేను అనుకుంటుంటే, అన్న ఇంటర్నెట్ తీగ పీకేయమన్నాడు. పీకాను. జీపీఎస్‌కి కేబుల్ పెట్టాను. ఎక్కడ నొక్కాలో చూపించాక, అన్న కొంచెం ఇబ్బందిగా గొంతు సవరించుకుని నన్ను అటు తిరగమన్నాడు.

తిరిగాను. ఆడగుంటకి సముద్రంతో ఏటి పని. నా షాపులో, నా కుర్చీలో, గోడకి వేలాడుతున్న క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. అన్నని చెడామడా తిట్టాలనిపించింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తరవాత మౌస్ నొక్కిన చప్పుడు. ఆ తరవాత చాలాసేపు ఏమీ లేదు. గుర్తులు పోయాయేమో అనుకున్నాను. కోపం పోయి భయం పట్టుకుంది.

"ఇటు తిరుగే" అన్నాడు అన్న. "సూడు. అయ్యవి."

తెర నిండా నీలం. ఎడమ పక్కన సన్నగా మా ఒడ్డు. ఆ నీలం మీద ఒకటొకటిగా బొమ్మలు లేస్తున్నాయి. చిన్న చిన్న ఇళ్ళ బొమ్మలు. అయ్యకి చదువు రాదు, పేర్లు రాయలేడు. జీపీఎస్‌లో ఉన్న బొమ్మల్లోంచి ఏరుకున్నాడు. ఒడ్డుకి దగ్గరగా కొన్ని, ఇంకా లోపలికి కొన్ని, మనిషన్నవాడు ఎందుకు వెళ్తాడురా అనిపించేంత దూరాన కొన్ని. ఎవరూ లేని నీళ్ళలో ఊళ్ళకి ఊళ్ళు కట్టినట్టుంది. వాటి మధ్య అక్కడక్కడ చేప బొమ్మలు.

చేప బొమ్మలున్న చోట చేప దొరుకుతుందా అని అడిగాను. అన్న నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూనే. అవి రాళ్ళట. చేపలున్న చోటికల్లా అయ్య ఇల్లు బొమ్మ పెట్టాడట, రాళ్ళున్న చోట చేప బొమ్మ పెట్టాడట. జీపీఎస్ దొంగిలించినవాడు చేప బొమ్మ చూసి వల వేస్తే చిరిగి చావాలని. ఈ సంగతి అయ్య అన్నకి పడవలో, ఒడ్డు కనబడనంత దూరం వెళ్ళాక చెప్పాడట. ఇప్పుడు నాకు తెలిసింది.

నేను ఏడ్చాను. సిగ్గుపడలేదు. ఆయన బతికుండగా నాకు చూపించని సముద్రం అది. అమ్మ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి చూసింది. ఆవిడకి కూడా అదే మొదటిసారి. చేప ఆవిడ చేతికి వచ్చేది గానీ, ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. ఒక ఇంటి బొమ్మ మీద వేలు పెట్టి, ఇంత దూరం పోయేవోడా అని మెల్లగా అనుకుంది.

గుర్తులు కొత్త జీపీఎస్‌లోకి ఎక్కించాం. మా కంప్యూటర్‌లోంచి అన్నీ చెరిపేయించాడు అన్న, చెత్తబుట్ట కూడా ఖాళీ చేయించాడు. ఒక నకలు మాత్రం ఎక్కడైనా ఉండాలి. సముద్రంలో రెండు జీపీఎస్‌లూ పోతే మళ్ళీ ఏ గతీ లేదు. కొత్త పెన్ డ్రైవ్‌లో పెట్టాను. ఎవరి దగ్గర ఉంచాలన్న మాట వచ్చేసరికి అన్న నీళ్ళు నమిలాడు. ఊళ్ళో ఇల్లంటే తుఫాను భయం, వచ్చేపోయే జనం. నా దగ్గరంటే, పాపం, నోటితో అనలేకపోయాడు గానీ మొహంలో అంతా కనిపిస్తూనే ఉంది.

అమ్మ పెన్ డ్రైవ్ అడిగి తీసుకుంది. సంచీలోంచి గుడ్డముక్క తీసి అందులో చుట్టింది. అన్న జేబులో ఎప్పుడూ ఉండే వల దారం అడిగి, మూటకి మెలికలు వేసి, కొసని ఎడమచేత్తో లోపలికి తిప్పింది. ముసలి వేళ్ళు గానీ, ఆ తిప్పడంలో తడబాటు లేదు. బిగించి నా టేబుల్ సొరుగులో పెట్టింది.

"నా ముడి ఏసేను. ఎవులు ఇప్పినా తెలిసిపోతాది" అంది అన్నతో.

అన్న మొహం తేటపడింది. అమ్మ ముడిని సాలూరు సావుకారు నమ్మేవాడు, తీరమంతా నమ్ముతుంది, అన్న నమ్మడా? షట్టరు తనే పైకి ఎత్తి, టీ తాగుదాం అన్నాడు. అమ్మ అతని వెనకే బయటికి వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి నా వైపు చూసింది.

నిషేధం ముగిశాక అన్న వేటకి వెళ్ళాడు. వల చిరక్కుండా తిరిగొచ్చిందని వదిన ఫోన్ చేసి చెప్పింది. ఎక్కడ వేశాడో ఆవిడకి తెలియదు, నేనూ చెప్పలేదు. అప్పటినుంచీ రాజాం వచ్చినప్పుడల్లా అన్న ఏదో వంకన సొరుగు తెరిచి, ముడి చూసుకుని, నిశ్చింతగా మూసేస్తాడు.

ఆ ముడి విప్పి, చూసుకుని, మళ్ళీ అచ్చం అలాగే వేయగల మనిషిని అమ్మ తరవాత నేనొక్కదాన్నే. అన్నకి ఆ సంగతి తెలియదు. నా చెయ్యి పట్టుకుని నేర్పిన అమ్మకి తెలుసు. తెలిసే నా సొరుగులో పెట్టి వెళ్ళింది. నేను ఇంతవరకూ విప్పలేదు.